పై డివిజన్ మెట్టు 20 కోట్ల డాలర్లు: సాక్రమెంటో రిపబ్లిక్ లెక్కలు

2014లో అమెరికాలో యూఎస్ఎల్ ప్రో అనే సాకర్ లీగ్ మూడో డివిజన్ హోదాలో నడిచేది. ఆ ఏడాది పాయింట్ల పట్టికలో ఆర్లాండో సిటీ మొదటి స్థానంలో నిలిచింది. అప్పుడే పుట్టిన సాక్రమెంటో రిపబ్లిక్‌ది రెండో స్థానం. నాకౌట్ దశలో ఆర్లాండో ఫైనల్ దాకా రాలేకపోయింది. సాక్రమెంటో సెప్టెంబర్ 27న హారిస్‌బర్గ్ సిటీ ఐలాండర్స్‌ని 2-0తో ఓడించి, ఆడిన మొదటి సీజన్లోనే ట్రోఫీ ఎత్తింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఈ రెండింటిలో ఒక జట్టు దేశంలోని అత్యున్నత లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో, అంటే ఎంఎల్ఎస్‌లో, ఆడుతోంది. ఆ జట్టు ఆర్లాండో.

ఇందులో మోసమేమీ లేదు. ఆర్లాండోకి ఎంఎల్ఎస్ సీటు ఖాయమైంది 2013 నవంబర్‌లో, అంటే 2014 సీజన్ మొదలవకముందే. అందుకు యజమానులు కట్టిన ప్రవేశ రుసుము 7 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. కాబట్టి 2014 సీజన్లో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఎవరు పైకి వెళ్తారన్న విషయంలో ఏ మార్పూ ఉండేది కాదు. అమెరికాలో కింది డివిజన్ క్లబ్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ముందు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. సాక్రమెంటో కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో, ఫుట్‌బాల్ ఆడే చాలా దేశాల్లో పద్ధతి వేరు. అక్కడ కింది డివిజన్లో బాగా ఆడిన జట్టు పైకి వెళ్తుంది, పై డివిజన్లో అడుగున మిగిలిన జట్టు కిందికి దిగుతుంది. అమెరికాది మన ఐపీఎల్ పద్ధతి. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో పట్టికలో పదో స్థానంలో, అంటే అందరికంటే అడుగున నిలిచింది. అయినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడి ఫైనల్ చేరింది. రంజీలో ఎంత గొప్పగా ఆడినా ఏ రాష్ట్ర జట్టూ ఐపీఎల్‌లోకి రాదు. 2021లో లక్నో జట్టు లోపలికొచ్చింది 7,090 కోట్ల రూపాయల వేలంపాటతో. ఎంఎల్ఎస్‌లోనూ తలుపు తీసేది డబ్బే.

ఆ డబ్బు ఏ వేగంతో పెరిగిందో చూడండి. ఇవన్నీ అమెరికా పత్రికలు ప్రచురించిన అంకెలు. 2007లో చేరిన టొరంటో కట్టింది కోటి డాలర్లు. 2009లో సియాటెల్ 3 కోట్లు. 2015లో ఆడటం మొదలుపెట్టిన న్యూయార్క్ సిటీ 10 కోట్లు. 2019లో చేరిన సిన్సినాటి 15 కోట్లు. అదే ఏడాది సెయింట్ లూయిస్‌కీ సాక్రమెంటోకీ అడిగింది చెరి 20 కోట్లు. ఆ తర్వాత కొద్ది నెలలకే షార్లట్‌కి 32.5 కోట్లు. 2023లో శాన్ డియాగోకి 50 కోట్లు. 2007 నుంచి 2023 దాకా ఆట మారలేదు, అదే 90 నిమిషాలు. లోపలికొచ్చే ధర మాత్రం యాభై రెట్లయింది.

ఇక సాక్రమెంటో ఎలాంటి ఊరు? కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంలో సుమారు 5.25 లక్షల మంది, చుట్టుపక్కల పట్టణాలు కలుపుకుంటే 24 లక్షలకు దగ్గర. ఆ చుట్టుపక్కలవే ఫోల్సమ్, రోజ్‌విల్, రాక్లిన్. ఇంటెల్ లాంటి కంపెనీల ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ ఊళ్లు. లాస్ ఏంజిలిస్, శాన్ ఫ్రాన్సిస్కోల పేరు ముందు ఈ నగరం పేరు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. చాలాకాలం దానికున్న ఒకే ఒక్క పెద్ద లీగ్ జట్టు బాస్కెట్‌బాల్ ఆడే కింగ్స్. 2013లో ఆ జట్టుని కూడా సియాటెల్‌కి తరలించే ప్రయత్నం జరిగి, చివర్లో ఆగింది. తమ ఊరి జట్టు అనేది రేపు ఉంటుందో ఉండదోనన్న భయం తెలిసిన జనం వాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిపబ్లిక్ పుట్టింది. 2014 ఏప్రిల్ 26న సొంత ఊళ్లో తొలి మ్యాచ్ హ్యూస్ స్టేడియంలో జరిగింది. మూడో డివిజన్ ఆటకి, ఎవరూ పేరు వినని ఆటగాళ్లని చూడటానికి వచ్చినవాళ్లు 20,231 మంది. నాకౌట్ మ్యాచ్‌లు మినహాయిస్తే ఆ లీగ్‌లో అప్పటికి అది రికార్డు. అదే ఏడాది జూన్‌లో, రాష్ట్ర ఎగ్జిబిషన్ మైదానమైన కాల్ ఎక్స్‌పోలో 8,000 సీట్లతో చిన్న స్టేడియం లేచింది. తర్వాత దాన్ని 11,569 సీట్లకి పెంచారు. పెంచిన సీట్లు కూడా నిండాయి. మొదటి నాలుగు సీజన్లూ సగటు హాజరు 11,000 పైనే.

ఇప్పుడు ఈ 11,569ని ఆ 20 కోట్ల పక్కన పెట్టి చూద్దాం. స్టేడియంలో ప్రతి సీటుకీ రుసుము భారం పంచితే ఒక్కో సీటు మీద 17,000 డాలర్లకు పైగా పడుతుంది. ఇంకో రకంగా చూద్దాం. టికెట్ సగటున 20 డాలర్లనుకుందాం. ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె. సీజన్‌కి సొంత ఊళ్లో 17 మ్యాచ్‌లు, ప్రతిసారీ ఒక్క సీటు కూడా ఖాళీ లేదు. ఏడాదికి వచ్చేది 39 లక్షల డాలర్ల చిల్లర. ఆటగాళ్లకి పైసా ఇవ్వకుండా, దీపాల బిల్లు కట్టకుండా, మొత్తం పక్కన పెట్టినా 20 కోట్లు పోగవడానికి 50 ఏళ్లు దాటుతుంది. అభిమానులు ఎంత నమ్మకంగా వచ్చినా వాళ్ల టికెట్ డబ్బుతో ఏ కింది డివిజన్ క్లబ్బూ ఈ మెట్టు ఎక్కలేదు. ఎక్కించగలిగింది బాగా ధనవంతుడైన యజమాని ఒక్కడే.

ధనవంతుడు కావాలన్నది ఊహ కూడా కాదు, రాసిపెట్టిన నిబంధన. అమెరికా సాకర్ సమాఖ్య ప్రతి డివిజన్‌కీ కొలతలు పెట్టింది. మొదటి డివిజన్ జట్టు ప్రధాన యజమాని నికర ఆస్తి కనీసం 4 కోట్ల డాలర్లుండాలి, అదీ ఉంటున్న ఇంటి విలువ లెక్కలోకి తీసుకోకుండా. రెండో డివిజన్‌కి 2 కోట్లు, మూడో డివిజన్‌కి కోటి. డాలరు 85 రూపాయలనుకుంటే మూడో డివిజన్ జట్టు నడపడానికే 85 కోట్ల రూపాయల ఆసామి కావాలి. స్టేడియంలో సీట్లు మొదటి డివిజన్‌కి కనీసం 15,000, రెండోదానికి 5,000, మూడోదానికి 1,000. మొదటి డివిజన్ లీగ్‌లో నాలుగింట మూడు వంతుల జట్లు పది లక్షలకు తక్కువ కాని జనాభా ఉన్న నగర ప్రాంతాల్లో ఉండాలి. ఈ కొలతల్లో మ్యాచ్‌లు గెలవడానికి సంబంధించింది ఒక్కటీ లేదు.

ఈ నిబంధనలకి ఒక న్యాయం ఉంది, దాన్ని దాచడం సరికాదు. అమెరికా సాకర్‌లో సీజన్ మధ్యలో జీతాలు ఆగిపోయిన జట్లు, రాత్రికి రాత్రి మూతపడ్డ లీగ్‌లు చాలా ఉన్నాయి. ఆటగాళ్లు రోడ్డున పడకూడదని పెట్టిన కంచె ఇది. రెలిగేషన్, అంటే అడుగున నిలిచిన జట్టుని కింది డివిజన్‌కి దించే పద్ధతి, ఉంటే కోట్లు పోసి స్టేడియం కట్టేవాడు దొరకడని ఎంఎల్ఎస్ యజమానుల వాదన. అదీ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆ కంచె కింది జట్లని బతికించిందా అంటే లేదు. 2014లో సాక్రమెంటో ఫైనల్లో ఓడించిన హారిస్‌బర్గ్ ఆ తర్వాత పెన్ ఎఫ్‌సీగా పేరు మార్చుకుని, 2018 సీజన్‌తో ఆగిపోయింది. ఎంఎల్ఎస్ మొదలైన 1996 నుంచి నేటి దాకా ఆ లీగ్ బయటి జట్టు, అన్ని డివిజన్ల జట్లూ ఆడే జాతీయ ఓపెన్ కప్ గెలిచింది ఒకే ఒక్కసారి. 1999లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ జట్టు ఎంఎల్ఎస్‌కి చెందిన కొలరాడోని 2-0తో ఓడించి సాధించింది. ఆ రోచెస్టర్ క్లబ్ 2017 తర్వాత ఆట ఆపి, 2022లో కొత్త పేరుతో ఒక్క సీజన్ ఆడి, 2023లో శాశ్వతంగా మూతపడింది. దేశంలో మరెవరూ చేయలేనిది చేసిన జట్టు ఇవాళ లేదు. మైదానంలో సాధించిన దానికి విలువ లేని వ్యవస్థలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే అంకె ఆ 1999.

సాక్రమెంటో అలా పోలేదు. ఎదురుచూసింది. 2016లో ఆడటం మొదలుపెట్టిన సిన్సినాటి మూడే సీజన్లు కింది లీగ్‌లో ఆడి ముందుకెళ్లిపోయింది. వాళ్ల మ్యాచ్‌లకి సగటున 17,000తో మొదలై 25,000 మంది దాకా వచ్చేవారు, కాబట్టి ఆ జట్టు వెళ్లడంలో తప్పు పట్టాల్సింది లేదు. చివరికి 2019 అక్టోబర్ 21న సాక్రమెంటో వంతు వచ్చింది. ఎంఎల్ఎస్‌లో 29వ జట్టు మీదేనని లీగ్ ప్రకటించింది. సూపర్‌మార్కెట్ల వ్యాపారంతో ఎదిగిన కోటీశ్వరుడు రాన్ బర్కిల్ ప్రధాన పెట్టుబడిదారు. పాత రైలు కార్ఖానాల స్థలం రెయిల్‌యార్డ్స్‌లో 20,100 సీట్ల స్టేడియం, 2022లో మొదటి మ్యాచ్ అని చెప్పారు. కరోనా వచ్చి ఆ 2022 కాస్తా 2023 అయింది. 2021 ఫిబ్రవరి 26న బర్కిల్ తప్పుకుంటున్నట్టు ప్రకటన వెలువడింది. కరోనా వల్ల ప్రాజెక్టులో తలెత్తిన చిక్కులే కారణమని లీగ్ చెప్పింది. 16 నెలల సంబరం అంతటితో సరి. సాక్రమెంటోతో పాటే సీటు దక్కించుకున్న సెయింట్ లూయిస్ 2023లో బరిలోకి దిగి, తొలి సీజన్లోనే పశ్చిమ విభాగంలో అగ్రస్థానం అందుకుంది. 2019లో లెక్కవేసిన 30 జట్లలో సాక్రమెంటో పోగా మిగిలిన ఖాళీ 50 కోట్లకి శాన్ డియాగో చేతికి వెళ్లింది. అంటే నాలుగేళ్ల లోపే అదే తలుపు రెండున్నర రెట్లు ఖరీదైంది.

ఒక మనిషి మనసు మార్చుకుంటే ఒక నగరం ఏడేళ్ల ఎదురుచూపు చెరిగిపోయింది. ఆటగాళ్లు ఏ తప్పూ చేయలేదు, జనం రావడం మానలేదు.

ఆ తర్వాతి ఏడాది ఏం జరిగిందో చూస్తే మాత్రం ఆట మీద నమ్మకం మళ్లీ కుదురుతుంది. ఓపెన్ కప్ అనేది అమెరికాలో అన్ని డివిజన్ల జట్లూ, ఔత్సాహిక క్లబ్బులు సహా, ఒకే పోటీలో తలపడే టోర్నీ. పై డివిజన్‌కి డబ్బు కట్టని జట్టు పై డివిజన్ జట్టుని ఎదుర్కొనే చోటు దాదాపు ఇదొక్కటే. 2022 మే 25న సాక్రమెంటో తన పొరుగు ఎంఎల్ఎస్ జట్టు శాన్ హోసేని 2-0తో ఓడించింది. జూన్ 21న లాస్ ఏంజిలిస్ వెళ్లి గెలాక్సీని 2-1తో ఓడించింది. ఆ సీజన్లో ఎంఎల్ఎస్ ఒక్కో జట్టుకి పెట్టిన జీతాల బడ్జెట్ 49 లక్షల డాలర్లు. కొందరు స్టార్లకి ఆ పరిమితికి మించి ఇవ్వొచ్చన్న మినహాయింపు వాడుకుని, గెలాక్సీ హావియర్ హెర్నాండెజ్ ఒక్కడికే 60 లక్షలు ఇస్తోంది. ఎంఎల్ఎస్ సీనియర్ ఆటగాడి కనీస జీతమే ఆ ఏడాది 84,000 డాలర్లు. అప్పటికి రెండో డివిజన్ హోదా పొందిన సాక్రమెంటో లీగ్‌లో ఆ కనీసం కూడా చాలామందికి అందని అంకె.

జూలై 27న సెమీఫైనల్ సాక్రమెంటోలోనే జరిగింది. వచ్చింది స్పోర్టింగ్ కాన్సస్ సిటీ. అప్పటికే నాలుగుసార్లు ఓపెన్ కప్ గెలిచిన జట్టు. అదనపు సమయం కలుపుకుని 120 నిమిషాలు ఒక్క గోల్ కూడా పడలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ డానీ విటియెల్లో ఒక కిక్ ఆపాడు. ఆఖరి కిక్‌కి ముందుకొచ్చింది రోడ్రిగో లోపెజ్. అభిమానులు రోరో అని పిలుచుకునే ఈ మిడ్‌ఫీల్డర్ 2014 ట్రోఫీ జట్టులోనూ ఉన్నాడు. వేరే క్లబ్బులు తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చాడు. అతని కిక్‌తో 5-4. ఈ మూడు విజయాల్లో సాక్రమెంటో పడగొట్టిన జట్లు అప్పటికి గెలిచిన ఎంఎల్ఎస్ కప్పులు కూడితే గెలాక్సీవి ఐదు, శాన్ హోసేవి రెండు, కాన్సస్ సిటీవి రెండు, మొత్తం తొమ్మిది. ఎంఎల్ఎస్ బయటి జట్టు ఫైనల్ చేరడం 2008లో చార్ల్‌స్టన్ తర్వాత అదే మొదటిసారి.

సెప్టెంబర్ 7న ఫైనల్. ప్రత్యర్థి ఆర్లాండో సిటీ, వాళ్ల ఊళ్లోనే. 2014లో ఒకే పట్టికలో పక్కపక్క వరసల్లో ఉన్న రెండు జట్లు ఎనిమిదేళ్ల తర్వాత ఇలా ఎదురుపడ్డాయి. ఒక వైపు ఎనిమిది సీజన్ల ఎంఎల్ఎస్ ఆదాయం, ఖరీదైన విదేశీ ఆటగాళ్లు, 25,000 మంది పట్టే సొంత స్టేడియం. ఇంకో వైపు ఎగ్జిబిషన్ మైదానంలో 11,569 సీట్లు. 74 నిమిషాల దాకా స్కోరు 0-0. 75వ నిమిషంలో ఆర్లాండో ఆటగాడు ఫకుందో టోరెస్ మొదటి గోల్ కొట్టాడు, కాసేపటికి పెనాల్టీతో రెండోది. చివర్లో బెంజీ మిషెల్ మూడోది వేశాడు. 0-3. గెలిచుంటే సాక్రమెంటో ఖండస్థాయి ఛాంపియన్స్ లీగ్‌లో ఆడేది. స్కోరు చూసి ఏకపక్షం అనుకునేవాళ్లకి ఆ 74 నిమిషాలు గుర్తుచేయాలనిపిస్తుంది నాకు. రెండు జట్ల మధ్య డబ్బులో ఉన్నంత తేడా ఆటలో లేదని అవి చెప్తాయి.

2024 నవంబర్‌లో క్లబ్ చేతులు మారింది. మెజారిటీ వాటా తీసుకున్నది విల్టన్ రాంచెరియా. ఇది మివాక్, నిసెనాన్ మూలవాసుల తెగ. సభ్యులు సుమారు వెయ్యి మంది. సాక్రమెంటో లోయ వాళ్ల పూర్వీకుల నేల. 1958లో కాలిఫోర్నియా తెగల విషయంలో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం కింద వీళ్ల గుర్తింపు రద్దయింది, భూమి పోయింది. చట్టం దృష్టిలో తెగే లేకుండా పోయింది. గుర్తింపు మళ్లీ వచ్చింది 2009లో, న్యాయపోరాటం తర్వాత. 2022లో, రిపబ్లిక్ ఓపెన్ కప్‌లో గెలుచుకుంటూ వెళ్తున్న ఆ వేసవిలోనే, ఎల్క్ గ్రోవ్‌లో తెగ తన స్కై రివర్ కాసినో తెరిచింది. ఆ ఆదాయంతో ఇప్పుడు ఊరి జట్టుకి యజమాని అయింది. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు కనెక్టికట్ సన్‌ని 2003లోనే మొహీగన్ తెగ కొంది. పురుషుల ప్రొఫెషనల్ సాకర్ జట్టులో మూలవాసి తెగకి మెజారిటీ వాటా రావడం మాత్రం ఇదే మొదటిసారి. ధనవంతుడైన యజమాని ఒక్క ప్రకటనతో వెళ్లిపోవచ్చని 2021లో ఆ ఊరు చూసింది. ఈ తెగకి వెళ్లిపోవడానికి వేరే ఊరు లేదు. క్లబ్ భవిష్యత్తుకి ఏ నికర ఆస్తి విలువ కంటే ఇది పెద్ద హామీ అని నా అభిప్రాయం.

మెజారిటీ వాటా ఇచ్చినవారిలో ముఖ్యుడు కెవిన్ నేగిల్, ఏళ్ల తరబడి క్లబ్‌ని మోసిన స్థానిక వ్యాపారి. ఆయన 2023లో ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ టౌన్ కొన్నాడు. ఏడాది తిరిగేలోపే 2024లో ఆ జట్టు అక్కడి రెండో డివిజన్ నుంచి మూడోదానికి జారింది. ఒక దేశంలో ఎంత బాగా ఆడినా ఎక్కనివ్వని పద్ధతి, మరో దేశంలో బాగా ఆడకపోతే దించేసే పద్ధతి, రెండూ అనుభవించిన యజమాని ఆయన.

ఆ రెండో పద్ధతి ఇప్పుడు అమెరికాకీ రాబోతోంది. సాక్రమెంటో ఆడే రెండో డివిజన్ యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్‌లో 2025లో 24 జట్లు ఆడాయి. ఆ లీగ్‌ని నడిపే యూఎస్ఎల్ సంస్థ 2025 ఫిబ్రవరిలో తానే ఒక మొదటి డివిజన్ లీగ్ పెడతానని ప్రకటించింది, 2027-28లో మొదలుపెట్టాలన్నది అప్పుడు చెప్పిన లక్ష్యం. మార్చిలో జట్ల యజమానులు తమ మూడు అంచెల మధ్య ప్రమోషన్, రెలిగేషన్ పెట్టడానికి భారీ మెజారిటీతో ఓటేశారు. ఎంఎల్ఎస్ ఇందులో లేదు, దాని తలుపు దానిదే. ఒకే దేశంలో రెండు మొదటి డివిజన్లు నిలబడతాయా, టీవీ డబ్బు ఎటు వెళ్తుంది అన్నవి గట్టి ప్రశ్నలే. అయినా ప్రొఫెషనల్ లీగ్‌లో గెలిచిన జట్టు గెలిచినందుకే పైకి వెళ్లే వీలు అమెరికాలో ఇలా కాగితం మీదికి రావడం చిన్న విషయం కాదు.

సాక్రమెంటోకి ఇది ఎంత దగ్గర, ఎంత దూరం? నగర ప్రాంతం జనాభా 24 లక్షలు, కావాల్సింది పది లక్షలు. ఆ షరతు ఎప్పుడో దాటింది. యజమాని ఆర్థిక బలం కొత్త వాటాదారుతో కుదిరింది. స్టేడియం లెక్క ఒక్కటే ఇంకా తేలలేదు. 2024 నవంబర్‌లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం రెయిల్‌యార్డ్స్‌లో స్టేడియం మొదట 12,000 సీట్లతో లేస్తుంది, తర్వాత 20,000 పైకి పెంచుకునే వీలుంటుంది. 12,000 అంటే రెండో డివిజన్ అడిగే 5,000 కంటే ఎంతో ఎక్కువ, మొదటి డివిజన్ అడిగే 15,000 కంటే 3,000 తక్కువ. ఆ 3,000 సీట్లు తొలి దశలోనే కడతారా, తర్వాత కడతారా అన్నదాన్ని బట్టి, ఈ జట్టు పాయింట్ల పట్టికలో నిలిచే స్థానానికి మొదటిసారి అసలు విలువ ఎప్పుడొస్తుందో తేలుతుంది.